ఆపత్కాలములో వార్త, దాని బాధ్యత

ఆపద చెప్పి రాదు. వచ్చిన పిదప చెప్పుకొనుటకు దిక్కు లేకపోవడము దాని రెండవ దెబ్బ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రాణములు పోయినవి. తంతి స్తంభములు కూలి, దారులు తెగి, లోపలి పల్లెల దుస్థితి వెలుపలివారికి వెంటనే తెలియలేదు. తెలిసిన తరువాత నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలె పట్టి విరాళములు సేకరించారు. ఆనాటి సేవాసంస్థలకు పత్రిక, రేడియో, జోలె, ఇవే సాధనములు.

నేడు ఆ మూడింటి పనిని చేతిలోని ఫోను చేస్తున్నది. 2015 డిసెంబరులో చెన్నై నగరము నీట మునిగినప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు ట్విట్టర్, ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో వచ్చిన మొరలను ఏరి పట్టికలుగా కూర్చారు. మునిగిన వీధులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటముపై గుర్తించారు. 2021 కోవిడ్ రెండవ విజృంభణలో ఆసుపత్రి పడక, ఆక్సిజన్ సిలిండరు ఎక్కడ దొరుకునో తెలిపి ఎందరినో ఆదుకొన్నది ఈ మార్గమే. ఈ మేలును కాదనుట అన్యాయము.

అయినను మేలు చేయు సాధనమునకు హద్దులున్నవని మా అభిప్రాయము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోయినవి. అప్పుడు వార్తలు చేరవేయుటకు హామ్ రేడియో నిర్వాహకులు ముందుకు వచ్చారు. క్రొత్తది చేయిచ్చిన చోట పాతది చేయందించినది. కావున ఏ సేవాసంస్థయు ఒక్క సాధనమునే నమ్ముకొనరాదు.

రెండవది సత్యము. రక్షింపబడిన కుటుంబము కొరకు వచ్చిన మొర, తేదీ లేని కారణమున, మరునాడు కూడ చేతులు మారుతూనే ఉండును. దానిని నమ్మి ఒక పడవ అటు వెళ్లినచో, ఇటు నిజముగా మునుగుచున్నవాడు మిగిలిపోవును. పరిశీలింపక పంపిన వార్త దయతో పంపినదైనను హాని చేయగలదు.

మూడవది గౌరవము. కుడిచేత ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదని మన పెద్దల మాట. బియ్యపు సంచి అందుకొను వితంతువు ముఖమును లోకమంతటికి చూపనిదే దానము పూర్తికాదని తలచువారిని చూస్తున్నాము. దాతలకు లెక్క చూపవలసినదే. అది సంచుల లెక్కగాను, రసీదుగాను ఉండవచ్చును. ఆమె ముఖము రసీదు కాదు.

ఇక మన సీమ సంగతి. 2021 నవంబరు 19న, సరిగా దివిసీమ ఉప్పెన వచ్చిన తేదీనే, మన చిత్రావతి పొంగి వెల్దుర్తి వద్ద పదిమంది చిక్కుకొనగా వాయుసేన హెలికాప్టరు వారిని కాపాడినది. ఆ దృశ్యము దేశమంతయు చూచినది. కాని మనకు తరతరాల ఆపద కరువు. ఎండిన వేరుశనగ చేనుకు, వలస పోయిన ఇంటి తాళమునకు చూడదగిన దృశ్యమేమున్నది? ఫోను తెర గబగబ వచ్చు ఆపదనే చూచును. మెల్లగా వచ్చు ఆపదను చూపవలసిన బాధ్యత చదువుకొన్న మనది.

కావున విద్యార్థులకును, కళాశాల కార్యవర్గమునకును మా మనవి. కొత్తచెరువు చుట్టుపట్ల పల్లెలకు ఒక చిన్న సమాచార సంఘమును ఏర్పరచుదము. ఆపద రాకముందే ప్రతి వీధిలో వృద్ధులెవరు, రోగులెవరు, ఫోను లేని ఇండ్లెన్ని అని పట్టిక వ్రాసి ఉంచుదము. అది గుట్టుగా ఉండవలసిన పట్టిక. కాగితముపై కూడ ఒక ప్రతి ఉండవలెను. పంపు ప్రతి సందేశమున తేదీ, వేళ, స్థలము, కావలసిన వస్తువు, పంపినవారి పేరు ఉండవలెను. అవసరము తీరగానే తీరినదని మరల తెలుపవలెను. సందేశము తెలుగులోను, ఉర్దూలోను ఉండి, చదువరానివారికి మసీదు, గుడి మైకులనుండి వినబడవలెను.

ఈ పనికి ధనము స్వల్పము, శ్రద్ధ అధికము కావలెను. చిత్రావతి మరల పొంగువరకు వేచియుండక, ఈ విద్యాసంవత్సరముననే పూనుకొందుము గాక.