జేబుల్లేని పంచె

సంపాదకులకు,

దేవుడి భయం పోతే జనం కట్టు తప్పుతారని గత సంచికలో వ్యాసకర్త తేల్చేశారు. తిరుపతి పాఠకులు ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోరు. కొండమీద హుండీ కానుకలు లెక్కించే పరకామణి సంగతి వాళ్లకు తెలుసు మరి!

శ్రీవారి హుండీ సొమ్ము లెక్కించేవాళ్లలో భక్తులూ ఉంటారు. అయినా చొక్కా లేకుండా, జేబుల్లేని పంచెతోనే లోపలికి వెళ్లాలి. బయటికొచ్చేటప్పుడు సోదా తప్పదు, సీసీ కెమెరాలు సరేసరి. ఇంత చేసినా 2023 ఏప్రిల్‌లో విదేశీ కరెన్సీ దొంగతనం కేసు నమోదైంది. స్వామి కొండమీదే భయభక్తులపై భారం వేయని దేవస్థానాన్ని తప్పుపట్టలేం. అది లోకజ్ఞానం.

భక్తి మంచి పనులు చేయించదని నేననను. 1985లో తిరుమలలో మొదలైన నిత్యాన్నదానం వెనక భక్తి ఉంది, కాదనేదెవరు?

కానీ మంచికి భక్తి ఒక్కటే ఆధారమైతే, మరి దేవుణ్ణి నమ్మని సంఘ సంస్కర్త గోరా మాటేమిటి? నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఆయన కొలువు పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, సహపంక్తి భోజనాలతో అంటరానితనాన్ని ఎదిరించారు. 1948లో సేవాగ్రామ్‌లో కూతురికి దళిత యువకుడితో పెళ్లి చేశారు. ఆయన్ని నడిపించింది ఏ నరకభయం? సాటి మనిషికి జరిగే అవమానాన్ని అన్యాయమని గుర్తుపట్టిన బుద్ధే కదా. అంత పెద్ద వ్యాసంలో వ్యాసకర్త గోరాకు ఒక్క వాక్యమైనా కేటాయించలేదు.

— ఒక పాఠకుడు, తిరుపతి