‘మనోళ్ళేనా?’ అంటే ఏం చెప్పాలి?

పాడి రైతులకు ఫోన్లు చేసి దాణా అమ్మేది మేమే. హైదరాబాదులో ఒక మేడమీది గదిలో, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం వాగేది మేమే. మాలో మాదిగ పిల్లలున్నారు, మాల పిల్లలున్నారు. మా తాతలు ఆసాముల పశువుల కొట్టాల్లో జీతగాళ్ళు. కుడితి కలిపారు, పేడ ఎత్తారు, చచ్చిన గొడ్డును మోశారు. గొడ్డు మాత్రం వాళ్ళది కాలేదు. ఇవాళ మేం 50 కిలోల బస్తాలు అమ్మిపెడుతున్నాం. బస్తా మాది కాదు, బర్రె మాది కాదు. ఆఖరికి ఫోనులో చెప్పే పేరు కూడా మాది కాదు!

మరియమ్మలూ ఏసురత్నాలూ ఫోను కలవగానే శ్రావణిలూ కార్తీక్‌లూ అయిపోవాలంట. ‘రైతుకు నమ్మకం కలగాలి’ అంటాడు పైఅధికారి. ఏ పేరు వింటే నమ్మకం పోతుందో మాత్రం నోరు తెరిచి చెప్పడు. మాకు తెలీదా?

పాలిచ్చే బర్రెకు ఒంటి పోషణకు పెట్టేది గాక, ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో దాణా పెట్టమని చెబుతాం. చూడి బర్రెకు ఆఖరి 2 నెలలు ఎందుకు ఎక్కువ పెట్టాలో చెబుతాం. ‘బాగా చెప్పావమ్మా’ అంటాడు రైతు. ఆ వెంటనే, ‘మీదే ఊరు? ఇంటిపేరేంది? మనోళ్ళేనా?’ నిజం చెబితే కొందరు ఫోను పెట్టేస్తారు. కొందరు కులం పేరెత్తి తిడతారు. మనిషి కనబడకపోతే అంటరానితనం ఉండదనే మేధావులారా, ఒక్కపూట మా కుర్చీలో కూర్చోండి!

1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం కులం పేరుతో తిట్టడం నేరం కావాలంటే అది నలుగురి కంటబడే చోట జరగాలి. చెవిలో పడ్డ తిట్టు నలుగురి కంట ఎట్లా పడుద్ది? మా ప్రతి మాటా రికార్డవుతుంది. అమ్మకం తగ్గితే ఆ రికార్డే వినిపించి నిలదీస్తారు. తిట్టిన రికార్డు ఇమ్మంటే మాత్రం ‘కస్టమర్ కదా, వదిలెయ్’ అంటారు.

కారంచేడు మరిచారా? 1985 జులై 16న, మాదిగలు తాగే చెరువు దగ్గర గొడ్డు కుడితి బకెట్టు కడగొద్దన్నందుకే గొడవ మొదలైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు 6గురు మాదిగలను చంపారు. ఆనాడు గొడ్డు కుడితి కంటే మన మంచినీళ్ళు లోకువయ్యాయి. ఇవాళ ఆ గొడ్డు తిండి అమ్మే గదిలో సువార్త అనే పేరే పనికిరాదంటున్నారు!

మా పేరుతోనే మాట్లాడతాం. నియామక పత్రం రాసివ్వాలి. కమీషన్ ముష్టి కాదు, నెల జీతం కావాలి. కులదూషణ రికార్డును చెరపకుండా ఫిర్యాదుకు మా చేతికివ్వాలి.

ఒక్క బర్రెను నమ్ముకుని బతికే రైతన్నలారా, మీతో మాకు పగ లేదు. వెన్నశాతం పేరు చెప్పి మీ పాలధర కోసేవాడు, దాణా ధర పెంచేవాడు మీరు గాని మేము గాని కాదు. ఆ సంగతి మాట్లాడుకుందాం రండి. ఇంటిపేరు అడక్కండి.

అయినా అడుగుతారా? ఇక మా జవాబు ఒకటే: ‘మీ గొడ్లను తరతరాలుగా సాకినోళ్ళం. మాదిగోళ్ళం, మాలోళ్ళం. బస్తాలెన్ని రాయమంటారు?’

జై భీమ్!