కేబుల్ పట్టింది కదా అని పెట్టేశాను

రాత్రి ఒంటిగంట నలభై. కూలర్ మోతకి కూడా మెలకువ రాని నేను, పక్క గదిలోంచి వచ్చిన "అన్నయ్యా!" అన్న ఒక్క అరుపుకి లేచి కూర్చున్నా.

చెల్లిది బీఆర్క్ ఐదో ఏడు. తొమ్మిది రోజుల్లో థీసిస్ జ్యూరీ. రెండర్ పెట్టుకుని కూర్చుంటే, సగం దాటాక సిస్టమ్ టప్‌మని ఆగిపోయిందట. మానిటర్ నల్లగా ఉంది. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ అర క్షణం కదిలి, మళ్లీ ఆగిపోతున్నాయి. నిద్రలో ఎవరో లేపితే "ఆఁ" అని మళ్లీ పడుకున్నట్టు.

"నువ్వే కదా అసెంబుల్ చేసింది. నువ్వే చూడు" అంది.

ఆ సిస్టమ్ నిజంగానే నా చేతి పని. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ అన్నీ లెక్కలు వేసుకుని, రివ్యూలు చూసుకుని కొన్నా. చివర్లో జేబులో మిగిలిన డబ్బులతో ఎస్‌ఎంపీఎస్ తీసుకున్నా, అదీ సెకండ్‌హ్యాండ్. 550 వాట్లని స్టిక్కర్ ఉంది, బరువుగా ఉంది, చాల్లే అనుకున్నా. అమ్మినవాడు ఎన్నేళ్లు వాడాడో అడగలేదు. మీలో చాలామంది చేసేదీ ఇదే, కాదనకండి.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. క్యాబినెట్ వెనక కరెంటు వైరు గుచ్చే ఇనుప డబ్బా ఉంటుందే, అదే ఎస్‌ఎంపీఎస్. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి లోపలున్న అందరికీ పంచుతుంది. ఇంట్లో వంట చేసేవాళ్లలాగే, అది పడుకుంటే తప్ప దాని సంగతి ఎవరికీ గుర్తుకురాదు.

ఆ రాత్రి ముందు సిగ్గుపడాల్సిన చెక్‌లు చేశా. స్పైక్ బస్టర్ తీసేసి నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టా. అదే ప్లగ్‌లో ఫోన్ చార్జర్ పెట్టి కరెంటు ఉందో లేదో చూశా. డబ్బా వెనక చిన్న స్విచ్ ఆన్‌లోనే ఉంది. వైరు మార్చా. నవ్వకండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. నాది తేలలేదు.

మదర్‌బోర్డు మీద చిన్న లైట్ మాత్రం వెలుగుతోంది. "లైట్ ఉందిగా, ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉంది" అనేశా. అసలు పొరపాటు అక్కడ మొదలైంది. ఆ లైట్‌కి వెళ్లేది స్టాండ్‌బై కరెంటు. ఊదా రంగు తీగలో 5 వోల్టులు, సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. దానికి డబ్బాలో విడిగా ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది బతికున్నంత మాత్రాన పెద్ద సర్క్యూట్ బతికున్నట్టు కాదు.

పొద్దున్నే జెమ్ క్లిప్ పరీక్ష. దీని గురించి మీరూ వినే ఉంటారు. ఎస్‌ఎంపీఎస్‌ని ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ బయటికి తీసి, అందులో ఆకుపచ్చ తీగ పిన్నునీ దాని పక్కనున్న నల్ల తీగ పిన్నునీ క్లిప్‌తో కలపాలి. అప్పుడు స్విచ్ వేస్తే, మదర్‌బోర్డు బటన్ నొక్కినట్టే అనుకుని డబ్బా స్టార్ట్ అవుతుంది. ఈమధ్య వచ్చేవాటిలో తీగలన్నీ నల్లగానే ఉంటున్నాయి. అలాంటప్పుడు పిన్ నంబర్ చూసుకోవాలి: ఆకుపచ్చది 16వ పిన్, దానికి అటూ ఇటూ 15, 17 గ్రౌండ్‌లు. లెక్క తప్పితే మొదటికే మోసం. అనుమానంగా ఉంటే ఈ పని పెట్టుకోవద్దు.

క్లిప్ పెట్టా. ఫ్యాన్ గిర్రున తిరిగింది. "చూశావా, ఎస్‌ఎంపీఎస్ పర్ఫెక్ట్. మదర్‌బోర్డు పోయింది" అని చెల్లికి తీర్పు చెప్పేశా. తొమ్మిది వేల చిల్లర బోర్డు కార్ట్‌లో పెట్టా. డబ్బులు కట్టేముందు ఎందుకో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీలో రిపేర్లు చేసే ఒకన్నకి ఫోన్ కొట్టా.

అంతా విని, "లోడ్ పెట్టి చూసినవా తమ్మీ?" అన్నాడు.

"ఫ్యాన్ తిరుగుతోందన్నా."

"బండి స్టాండేసి ఎక్సలేటర్ ఇస్తే ఏ బండైనా మస్తు తిరుగుతది. ముగ్గురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కు, అప్పుడు తెలుస్తది."

కార్ట్ ఖాళీ చేశా.

ఆయన చెప్పినట్టే గ్రాఫిక్స్ కార్డు పీకేసి, మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు పోర్టుకే పెట్టి ఆన్ చేశా. ఆన్ అయింది! చెల్లి మొహం వెలిగింది కానీ, కార్డు లేకుండా దాని రెండర్ జ్యూరీ అయ్యాక కూడా పూర్తికాదు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే "కెర్నల్ పవర్ 41" అని ఎర్రగా ఉంది. అది చూసి చాలామంది ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చేస్తారు. నిజానికి దాని అర్థం "పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని మాత్రమే. కరెంటు పోయినా అదే పడుతుంది, బటన్ నొక్కి పట్టుకున్నా అదే పడుతుంది.

ఇక మల్టీమీటర్. వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో కొన్నది. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో నల్ల ప్రోబ్ నల్ల తీగ దగ్గర, ఎర్ర ప్రోబ్ పసుపు తీగ దగ్గర పెట్టా. పసుపు అంటే 12 వోల్టులు. 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6 లోపు. నాకు 11.8 చూపించింది. పాస్. అప్పుడు ప్రాసెసర్‌ని పూర్తిగా బిజీ చేసే టెస్ట్ ఒకటి రన్ చేయమని చెల్లికి చెప్పి, మీటర్ చూస్తూ కూర్చున్నా.

11.6... 11.5... 11.3... 11.1... టప్.

గ్రాఫిక్స్ కార్డు లేకుండానే ఇంత ఆయాసం! దాన్ని కూడా పెడితే అర క్షణంలో చేతులెత్తేయడంలో వింత లేదు. లోపలున్న కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతూ వస్తే ఇలాగే అవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కొలత బాగుంటుంది, బరువు పడగానే జారిపోతుంది. అయినా కార్డే షార్ట్ అయిందేమోనన్న అనుమానం ఉండకూడదని, దాన్ని కవర్లో చుట్టుకుని మెట్రోలో మియాపూర్‌లో ఉండే ఫ్రెండ్ దగ్గరికి వెళ్లా. వాడి సిస్టమ్‌లో పెడితే శుభ్రంగా నడిచింది. దోషి దొరికాడు.

వాడు అటక మీద నుంచి స్పేర్ ఎస్‌ఎంపీఎస్ ఒకటి తీసిచ్చాడు. "కొత్తది కొనేదాకా వాడుకో మామా. కేబుల్స్ ఈ కవర్లో ఉన్నయ్" అన్నాడు. కవర్ సంగతి గుర్తుపెట్టుకోండి.

నా పాతదీ, వాడు ఇచ్చినదీ రెండూ సెమీ మాడ్యులర్ రకం. అంటే కొన్ని కేబుళ్లు డబ్బాకి అతికే ఉంటాయి, మిగతావి కావాలంటే గుచ్చుకోవచ్చు, వద్దంటే పీకేయొచ్చు. హార్డ్‌డిస్క్‌కి వెళ్లే సాటా పవర్ కేబుల్ నా క్యాబినెట్‌లో మదర్‌బోర్డు వెనకనుంచి, జిప్ టైలతో ముద్దుగా కట్టి ఉంది. ఒకప్పుడు ఆ కేబుల్ మేనేజ్‌మెంట్ ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టా. అదంతా కోసి, వాడి కేబుల్ మళ్లీ లాగాలా? రాత్రి పదకొండైంది. జ్యూరీకి ఆరు రోజులుంది. పాత కేబుల్ కొసని కొత్త డబ్బాలో పెట్టి చూశా. టక్‌మని కూర్చుంది. అదే సైజు, అదే ఆకారం.

పట్టింది కదా అని పెట్టేశా.

స్విచ్ వేశా. టిక్‌మంది. ఆగిపోయింది. సన్నగా కాలిన వాసన.

ఇది ఫోన్‌లో చదువుతూ సగం దృష్టి క్రికెట్ స్కోరు మీద ఉన్నవాళ్లు, ఈ ఒక్క పేరా మాత్రం ఆగి చదవండి. మాడ్యులర్ కేబుల్‌కి డిస్క్ వైపు కొసకి స్టాండర్డ్ ఉంది, ఏ కంపెనీదైనా ఒకటే. డబ్బా వైపు కొసకి స్టాండర్డ్ లేదు. ఏ పిన్నులో 12 వోల్టులు, ఏ పిన్నులో 5 వోల్టులు ఇవ్వాలన్నది ఆ కంపెనీ ఇష్టం. ఒకే కంపెనీలో కూడా మోడల్‌కీ మోడల్‌కీ మారొచ్చు. ప్లగ్ ఆకారం మాత్రం చూడ్డానికి ఒకేలా ఉంటుంది, హాయిగా పడుతుంది. నా విషయంలో జరిగింది అదే. డిస్క్ 5 వోల్టుల కోసం చూసే చోట 12 వోల్టులు వెళ్లాయి.

డిస్క్ పీకేస్తే సిస్టమ్ బ్రహ్మాండంగా ఆన్ అయింది. విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటుంది కాబట్టి దానికేమీ కాలేదు. డిస్క్ మాత్రం చడీచప్పుడు లేదు. థీసిస్ డ్రాయింగులు, మోడళ్లు, ఊళ్లో చేసిన సర్వే ఫోటోలు, అన్నీ అందులోనే. "బ్యాకప్ ఉందా?" అని అడిగా. రెండు వారాల కిందటిది ఉందట. చివరి రెండు వారాల్లో థీసిస్ చేసేవాళ్లు ఎంత పని చేస్తారో నాకు తెలుసు, పక్క గదిలోనే కదా ఉండేది.

అది నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అమ్మ వచ్చి ఏమైందిరా అంటే నేనే చెప్పా.

మర్నాడు సీటీసీ షట్టర్లు తెరవకముందే అక్కడున్నా. అన్న డిస్క్ కింది వైపు ఆకుపచ్చ బోర్డు విప్పి, మీటర్ పెట్టి, మిరియం గింజంత నల్ల ముక్క ఒకటి చూపించాడు. టీవీఎస్ డయోడ్ అంటారు. వోల్టేజి మితిమీరి వస్తే అది తాను షార్ట్ అయిపోయి, వెనకున్న చిప్‌లని కాపాడుతుంది. అది షార్ట్ అవడంతో ఎస్‌ఎంపీఎస్ ప్రమాదాన్ని పసిగట్టి ఆగిపోయింది. ఆ టిక్ అదన్నమాట.

"నీ తప్పుకు ఇది పోయింది" అని, దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, తన దగ్గరున్న సప్లైకి డిస్క్ తగిలించాడు. సన్నగా గుయ్‌మని తిరగడం మొదలైంది. ఆ శబ్దం అంత తీయగా ఉంటుందని అంతకుముందు తెలియదు.

"ఇప్పుడు దీనికి కాపలా లేదు తమ్మీ. సామాను మొత్తం ఇప్పుడే వేరే దాంట్ల ఏసుకో. మళ్ల దీన్ని వాడకు."

ముందు థీసిస్ ఫోల్డర్, తర్వాత మిగతావి. కాపీకి దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ప్రోగ్రెస్ బార్ చూస్తూ రెండు చాయ్‌లు తాగా. ఆయన తీసుకున్నది మూడొందలు. అందరికీ ఇలా కలిసిరాదని ఆయనే చెప్పాడు. డయోడ్ దాటి చిప్ కాలిపోయిన కేసుల్లో ఆ బోర్డు మార్చాలి, పాత బోర్డు మీదున్న చిన్న మెమరీ చిప్‌ని కొత్తదానికి మార్చి అతికించాలి, ఖర్చు వేలల్లో ఉంటుంది.

అటు నుంచి అటే కొత్త ఎస్‌ఎంపీఎస్ కొన్నా. ఈసారి స్టిక్కర్ మీద పెద్దంకె కాకుండా, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూశా. 12తో గుణించుకోండి, అసలు బలం తెలుస్తుంది. 500 వాట్లని రాసి, ఆ గడిలో 25 ఆంపియర్లే ఉంటే, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ దక్కేది 300 వాట్లే. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్నవి కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్తాయి. డబ్బా ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పవు. దానికి నేనైతే వారంటీ ఏళ్లు చూస్తాను. అమ్మేవాడికే నమ్మకం లేని వస్తువు మీద మనకెందుకు నమ్మకం?

పాతదాన్ని విప్పి కెపాసిటర్ మార్చేద్దామని ఒక చెయ్యి దురద పెట్టింది, ఆపుకున్నా. మీరూ ఆపుకోండి. 230 వోల్టుల ఏసీ ఆ డబ్బాలో దాదాపు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో కూర్చుంటుంది. ప్లగ్ పీకాక కూడా కాసేపు అందులోనే ఉండొచ్చు. అది నేర్చుకునే చోటు కాదు.

కొత్త డబ్బా బిగించేటప్పుడు జిప్ టైలన్నీ కోసేశా. పాత కేబుల్ ఒక్కటి కూడా లోపల ఉండనివ్వలేదు. చెల్లి పక్కన నిలబడి మరీ చూసింది. రెండర్ ఆ రాత్రే మొదలైంది. తెల్లారి ఆరింటికి లేచి చూస్తే మీటర్ ప్రోబ్‌లు అది తనే పెట్టుకుని ఉంది. 11.9. "ఊరికే చూస్తున్నా" అంది.

జ్యూరీ అయిపోయింది. రెండర్ల గురించి కాదు, మెట్ల వెడల్పు గురించి అడిగారట.

ఫ్రెండ్‌కి వాడి ఎస్‌ఎంపీఎస్ తిరిగిచ్చేద్దామని మొన్న సంచి సర్దుతుంటే, చెల్లి కవర్లోని కేబుళ్లు ఒక్కొక్కటీ బయటికి తీసి లెక్కపెట్టింది. ఐదుండాలి, ఆరున్నాయి.

ఆరోది మాది.