కంప్యూటర్ చదువులో మన ప్రశ్నలెక్కడ?

ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు బడి మానేసిన వాళ్ళ గురించి, పదో తరగతిలోనే పెళ్ళి చేసేసిన వాళ్ళ గురించి మాట్లాడతాం. అది అవసరమే. అయితే ఆ గండాలన్నీ గడిచి, నాలుగేళ్ళ బి.టెక్‌లో కంప్యూటర్ సైన్సు బెంచీ మీద కూర్చున్న అమ్మాయికి అక్కడేం నేర్పుతున్నారన్నది కూడా మన హక్కుల ప్రశ్నే. పాఠ్యప్రణాళిక ఎవరో ప్రొఫెసర్లు చూసుకునే వ్యవహారం కాదు.

నేను పనిచేసే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఈ ప్రశ్న నానాటికీ పెద్దదవుతోంది. మదనపల్లెలో 1998లో, కుప్పంలో 2001లో ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్, ప్రవేశాల్లో స్త్రీలకు మూడోవంతు రిజర్వేషన్ దారి తెరిచాయి. టమాటా కోతకు, పట్టుపురుగుల పెంపకానికి పోయే తల్లులు "మా పాప కంప్యూటర్ చదువుతా వుందక్కా" అని గర్వంగా చెప్తారు. ఎండలో పనిలేదు, ఏసీ గదిలో కూర్చుని చేసుకోవచ్చు, ఆడపిల్లకు భద్రం అన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్కను తేలిగ్గా తీసిపారేయలేం. అమెరికాలో 1984లో కంప్యూటర్ సైన్సు డిగ్రీ పొందిన వాళ్ళలో 37 శాతం దాకా స్త్రీలుంటే, తర్వాత అది సగానికి పడిపోయింది. మన దగ్గర మాత్రం కంప్యూటర్ చదువు ఆడపిల్లలకు తగినదన్న నమ్మకం బలపడింది. అయితే "తగినది" అన్న మాటలోనే పాత కంచె వుంది. బయట తిరగనక్కర్లేదు కాబట్టి తగినది, పెళ్ళి సంబంధానికి పనికొస్తుంది కాబట్టి తగినది!

ఇక లోపల ఏముందో చూద్దాం. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018 నమూనా ప్రణాళికలో డిగ్రీ మొత్తాన్ని 160 క్రెడిట్లకు తగ్గించింది. రాజ్యాంగం, పర్యావరణం అనే పాఠాలు తప్పనిసరి అంటూనే వాటికి క్రెడిట్ లేదంది. మార్కు లేని పాఠాన్ని ఏ విద్యార్థి శ్రద్ధగా వింటుంది? మన రాష్ట్రంలో 2023లో వచ్చిన ఆర్-23 ప్రణాళికలో సి, జావా, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్‌లు, మెషీన్ లెర్నింగ్ వున్నాయి. వుండాల్సినవే. వాటితోపాటు విశ్వ మానవ విలువలనే పాఠం కూడా వుంది. అందులో కుటుంబంలో సామరస్యం గురించి చెప్తారు. ఆ సామరస్యం ఎవరి చాకిరీ మీద నిలబడిందో అడగరు.

అలా అడిగే పాఠం సాధ్యం కాదా? హైదరాబాదు జెఎన్‌టియు సాధ్యమని చూపించింది. అన్వేషి వంటి స్త్రీవాద పరిశోధక బృందంలోని వాళ్ళు తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ తయారుచేసిన 'టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్' 2015లో అచ్చయింది. ఇంటిచాకిరీ, ఒంటిరంగు, తగ్గిపోతున్న ఆడపిల్లల సంఖ్య, లైంగిక వేధింపులు - ఇవన్నీ ఇంజనీరింగ్ తరగతి గదిలోకి వచ్చాయి. కానీ 2018 నిబంధనల్లో అదీ క్రెడిట్ లేని ల్యాబ్‌గా మిగిలింది. సాధించుకున్నది కాగితం మీద నిలబడి, ఆచరణలో జారిపోవడం మనకు కొత్తకాదు.

"ఇదంతా సామాజిక శాస్త్రం కదా, కోడ్ రాసే పిల్లకెందుకు?" అంటారు. నా వాదన ఏమిటంటే, ఇది లేకపోతే కోడ్ కూడా తప్పుగానే వస్తుంది. 2018లో జాయ్ బువోలమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు ముఖాన్ని బట్టి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్ల మగవాళ్ళ విషయంలో పొరపాటు 0.8 శాతం మించలేదు. నల్లని స్త్రీల విషయంలో అది 34.7 శాతం దాకా వుంది. అంత దూరం పోనక్కర్లేదు. ఉపాధి హామీ పనిలో ఫోన్‌తో ఫోటో తీసి హాజరు వేయడం 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి పోతోందని కూలీలు మొత్తుకున్నారు. ఆ కూలీల్లో సగానికి పైగా స్త్రీలే. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పుస్తకంలో వాడుకదారుల అవసరాలు తెలుసుకోవడం గురించి అధ్యాయమే వుంటుంది. పలమనేరు రోడ్డు పక్క గుంత తవ్వే ఆడమనిషిని వాడుకదారుగా ఆ అధ్యాయం ఎప్పుడైనా చూపించిందా?

చూడాలనుకుంటే కుప్పంలోనే పాఠం వుంది. హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ 2002లో ఇక్కడ ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టింది. పొదుపు సంఘాల స్త్రీలు కొందరు డిజిటల్ కెమెరా, సోలార్ ప్రింటర్ పట్టుకుని ఫోటోలు తీసి సంపాదించారు. యంత్రం వాళ్ళ చేతికి భారం కాలేదు. కంపెనీ పథకాలు వస్తాయి, పోతాయి. ఇక్కడి కాలేజీలు మాత్రం ఇక్కడే వుంటాయి. ఆ అనుభవాన్ని చదువులో భాగం చేసుకోవాల్సింది అవే.

దానికి దారి ప్రణాళికలోనే వుంది. రెండో ఏడాది తర్వాత ఊళ్ళో చేసే కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు విద్యార్థులకు వుంది. ప్రశ్నావళి నింపి, రిపోర్టు కట్టి ఇచ్చేయడంతో అది ముగిసిపోకూడదు. మన సంఘాలే కాలేజీలకు వెళ్ళి చెప్పాలి: మా దగ్గరికి పంపండి, ప్రశ్నలు మేమిస్తాం. పెన్షన్ వేలిముద్ర పడని అవ్వ, ఖాతాలో డబ్బెందుకు పడలేదో తెలియని కూలీ - వీళ్ళ సమస్యే ప్రాజెక్టు కావాలి.

చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్ మరో చిక్కు. బెంగుళూరు దగ్గరే. కానీ హాస్టల్ ఖర్చు, స్టైపెండు లేని పని, "ఒక్కదాన్నే ఎట్లా పంపేది" అనే భయం అడ్డొస్తే, మగపిల్లాడికి అనుభవమయ్యేది ఆడపిల్లకు కాగితమై మిగులుతుంది. అందరికీ ఒకే నియమం పెట్టినంత మాత్రాన సమానత్వం రాదు. వెళ్ళిన అమ్మాయికి కూడా ఒకటి తెలియాలి. 2013 లైంగిక వేధింపుల చట్టం శిక్షణలో వున్న వాళ్ళకూ వర్తిస్తుంది. పదిమంది లేని చిన్న ఆఫీసయితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇది ఆమె బస్సెక్కక ముందే తరగతిలో చెప్పాల్సిన పాఠం.

కాబట్టి మనం అడగాల్సినవి నాలుగు. స్త్రీలు, కులం, శ్రమ గురించిన పాఠానికి క్రెడిట్ వుండాలి. యంత్రాల పక్షపాతం మెషీన్ లెర్నింగ్ పాఠంలోనే, పరీక్షలోనే రావాలి. ఊరి ప్రాజెక్టుల్లో స్త్రీల సంఘాలకు చోటుండాలి. ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండు, వసతి, దగ్గర్లో చేసుకునే వీలు కల్పించాలి.

మదనపల్లెలో 1919లో ఠాగూరు జనగణమనకు బాణీ కూర్చడంలో తోడ్పడిన మార్గరెట్ కజిన్స్ మనకు తెలుసు. ఆడపిల్లలకు ఏ చదువు కావాలో స్త్రీలే చెప్పాలని పిలుపునిచ్చిందీ ఆమే. ఆ పిలుపుతోనే 1927లో పుణెలో అఖిల భారత మహిళా సభ మొదటి సమావేశం జరిగింది. ఆనాడు గొంతెత్తింది చాలావరకు చదువుకున్న, కలిగిన ఇళ్ళ స్త్రీలు. ఇప్పుడు ఆ మాట చెప్పాల్సింది కూతురి ఫీజు కోసం పొదుపు సంఘంలో అప్పు తీసుకున్న తల్లి. విశ్వవిద్యాలయాల బోర్డుల్లో కంపెనీల ప్రతినిధులకు కుర్చీ వుంది. ఆమెకు కూడా ఒక కుర్చీ వెయ్యమందాం.