పట్టా పొలానికే.. పిట్టకు కాదు!

మోస్రా: పొలం కొంటే అందులో వాలే పిట్ట కూడా సొంతమైనట్లేనన్న భావన కొందరిలో నేటికీ ఉంది. వేటకు అనువైన భూములను ఎంచుకుని కొనడం కొన్ని దేశాల్లో మామూలు వ్యవహారమే. అమెరికాలోని టెక్సాస్‌లో భూయజమానులు వేట కాలానికి తమ భూములను కౌలుకిచ్చి ఆదాయం పొందుతారు. మోస్రా, వర్ని, బోధన్ పరిసరాల్లో అదే ఆలోచనతో భూమి కొంటే మాత్రం చివరికి మిగిలేది కేసులే.

నాడు హోదా.. నేడు నేరం

నిజాం కాలంలో షికారు పాలకుల హోదాకు గుర్తు. నిజాం వేటస్థలంగా ఉన్న పోచారం అటవీ ప్రాంతం అనంతరం అభయారణ్యమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఈ నిషేధం అడవికే పరిమితం కాదు, పట్టా భూమికీ వర్తిస్తుంది. తుపాకీతో కాల్చడమే కాదు, వల వేసినా, ఉచ్చు బిగించినా, గుడ్లు, గూళ్లు పాడుచేసినా చట్టం దృష్టిలో వేటే. కౌజు, పూరేడు వంటి పిట్టలకూ రక్షణ ఉంది. 2022లో చేసిన సవరణతో మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మొదటి షెడ్యూలులోని నెమలిని చంపితే శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. ఆయుధాలు, వాహనాలు సైతం జప్తవుతాయి.

చెరువు పక్క భూమితో చిక్కు

1931లో నిజాంసాగర్ నిర్మాణం పూర్తయ్యాక ఈ ప్రాంతం వరి, చెరకు పంటలకు నెలవైంది. బోధన్‌లోని చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినా కాలువల కింద వరి సాగు ఆగలేదు. నీరు, గింజ, పొద ఉన్నచోటే పిట్టలు చేరతాయి. వాటి కోసం భూమి వెతికేవారి చూపు సహజంగా చెరువుల అంచులపై పడుతుంది. అక్కడి శిఖం భూములు అమ్మకానికి చెల్లవు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపును 1977 నాటి చట్టం నిషేధించింది. తెల్లకాగితంపై ఒప్పందం రాసుకుంటే కొన్నవారి సొమ్ముకు భరోసా ఉండదు. భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే పేద రైతు బతుకుకూ ఆధారం ఉండదు.

రైతుకు మార్గమిదీ

పంట నష్టం జరిగితే రైతు చేతులు కట్టుకు కూర్చోవాలని చట్టం చెప్పడం లేదు. పైరును పాడుచేసే రెండో షెడ్యూలు జంతువుల విషయంలో అధీకృత అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి పంట రక్షణకే తప్ప వినోదానికి కాదు. పైగా దుక్కిలో నాగలి వెంట నడిచే కొంగ, చెదలను ఏరుకుతినే కౌజు రైతుకు కూలి అడగని సాయం చేస్తున్నాయి.

భూమి కొనదలచినవారు పహాణీతో పాటు ఈ చట్టాన్నీ ఒకసారి చూడాలి. అమ్మే రైతు సైతం కొనేవారి ఉద్దేశం తెలుసుకోవడం మేలు. భూమి చేతులు మారవచ్చు గానీ, దానిపై వాలే పిట్టను అమ్మే హక్కు ఎవరికీ లేదు.