అలాస్కా గుడిసె వీడియోలు, మన గూడేలు



అలాస్కా అడవిలో దుంగలతో ఇల్లు కట్టుకుని ఒంటరిగా బతికిన డిక్ ప్రొయెనెకీ వీడియోలు మనవాళ్లు తెగ పంచుకుంటున్నారు. "బతుకంటే ఇదీ, మనోళ్లు రోడ్డు, కరెంటు అని ఎందుకు ఏడుస్తారు?" అని ఒకరు. (ఫోన్ ఛార్జింగ్ మాత్రం ఆ కరెంటుతోనే.) "అందర్నీ కిందికి దించి కాలనీల్లో పెడితేనే బాగుపడతారు" అని ఇంకొకరు. ఇద్దరి మాటా నాకు ఎక్కడం లేదు.

ప్రొయెనెకీ గట్టి మనిషే, కాదనను. 1968 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు అక్కడున్నాడు. కానీ సరుకులు చిన్న విమానంలో వచ్చేవి. ఎనభై దాటాక కాలిఫోర్నియాలో తోడబుట్టినవాడి దగ్గరికి వెళ్లిపోయాడు. అంటే ఉండటమూ ఆయన ఇష్టమే, పోవడమూ ఆయన ఇష్టమే. ఇంతకీ ఆ నేల ఎవరిది? దెనైనా ఆదివాసులది. వాళ్లకది మనుషుల్లేని అడవి కాదు, సొంత ఊరు. చుట్టాలంతా కలిసి సాల్మన్ చేప పట్టి, ఎండబెట్టి, పంచుకు తిన్న చోటు. ఒంటరిగా బతకడం ఆదివాసీ బతుకని ఎవరు చెప్పారు మీకు?

ఇక కాలనీ అనేవాళ్లు కెనడా ఉత్తరాన ఇన్యూట్ జనానికి జరిగింది చదవండి. 1953లో సర్కారు ఇనుక్జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను ఓడెక్కించి, దాదాపు రెండు వేల కిలోమీటర్లు పైకి, గ్రైస్ ఫియర్డ్, రెజల్యూట్ అనే చోట్ల దించింది. వేట బాగుంటుందన్నారు, నచ్చకపోతే రెండేళ్లలో వెనక్కి తెస్తామన్నారు. తేలేదు. చలికాలంలో నెలల తరబడి సూర్యుడే కనపడని ఆ చోట మొదటి చలికాలం గుడారాల్లో గడిపారు. 2010లో గానీ క్షమాపణ రాలేదు.

అదే కాలంలో మిగతా ఇన్యూట్‌ను ఉల్టాగా, చెదురుమదురు వేట మకాముల నుంచి సెటిల్‌మెంట్లకు చేర్చారు. పిల్లలు బడికి రావాల్సిందే అన్నారు. బండ్లు లాగే కుక్కల్ని పోలీసులు కాల్చారు. కుక్కలు పోతే వేట పోయింది, వెనక్కి వెళ్లే దారీ పోయింది. దానికి 2019లో క్షమాపణ.

ఒకే సర్కారు కొందర్ని లోపలికి తోసింది, కొందర్ని బయటికి లాగింది. రెండుసార్లూ వాళ్ల మాట ఎవరూ వినలేదు.

ఆ సెటిల్‌మెంట్లలో ఇవాళ బడి ఉంది, నర్సు ఉంది. ఇరుకు ఇళ్లు, పోని క్షయ, విమానంలో వచ్చే సరుకుల మండే ధరలు కూడా ఉన్నాయి. అయినా అక్కడ చదువుకున్న పిల్లలు అడవా, ఊరా అని కొట్టుకుంటూ కూర్చోలేదు. భూమి మాదని కొట్లాడారు. 1993లో ఒప్పందం, 1999లో నునావుట్. జీతం డబ్బుతో స్నోమొబైల్‌కు పెట్రోలు పోసుకుని వేటకు పోతారు. ఊరూ కావాలి, వేటా కావాలి. తప్పేముంది?

మన దగ్గర గర్భిణిని డోలీలో మోసే కొండగూడెం రోడ్డు అడిగితే అడవి వదిలేసినట్టు కాదు. నల్లమల చెంచు పెంటల్లో ఉంటామన్నా, కిందికి పోతామన్నా ఆ మాట వాళ్లదే కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(2) అదే అంటుంది: గ్రామసభ అన్నీ తెలిసి, స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్తచోట భూమి, సౌకర్యాలు పూర్తయ్యేదాకా ఎవర్నీ కదపకూడదు.

ఈ సెలవుల్లో ఊరెళ్తే గ్రామసభ తీర్మానాల పుస్తకం అడగండి. ఎవరి సంతకాలున్నాయో, ఎవరి వేలిముద్రలున్నాయో, వాళ్లకు అది చదివి వినిపించారో లేదో కనుక్కుని ఇక్కడ రాయండి.