బ్యాటరీ కన్నా ముందు ధరే పడిపోతోంది!

అమెరికాలో ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునే మన కుటుంబాల్లో మొదట వచ్చే ప్రశ్న.. బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుంది? నిజానికి అది భయపడినంత త్వరగా పాడవదు. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఇస్తున్నాయి. ఆలోగా సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే బాగుచేయడమో, మార్చడమో సాధారణంగా వాటి బాధ్యతే.

వేగంగా తగ్గేది రీసేల్ ధర. 2023లో టెస్లా కొత్త కార్ల ధరలను పలుమార్లు తగ్గించడంతో పాతవాటి విలువా పడిపోయింది. 2024 జనవరిలో అద్దె కార్ల సంస్థ హెర్ట్జ్ దాదాపు 20 వేల ఈవీలను వదిలించుకుంటామని ప్రకటించింది. కొత్త కార్లపై 7,500 డాలర్ల వరకు ఉన్న ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది.

పదేళ్లు నడిపేవారికి ఈ నష్టం పెద్దగా తెలియదు. హెచ్‌1బీపై ఉన్నవారి సంగతి వేరు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ హడావుడిలో కారును వచ్చిన ధరకే అమ్ముకోవాలి. లోన్ బాకీ అంతకు మించితే తేడా చేతినుంచి కట్టాలి. ఎన్నాళ్లుంటామో తేలనివారికి కొత్తదాని కన్నా, వారంటీ మిగిలిన రెండు మూడేళ్ల పాత కారు మేలు. కొనేముందు బ్యాటరీ హెల్త్ రిపోర్టు తప్పక అడగండి. ఆరిజోనా లాంటి ఎండ ప్రాంతంలో తిరిగిన కారైతే మరీ జాగ్రత్త.